మీకు తెలుసా? మోచేతి మచ్చకూ గుండెకూ చుట్టరికం ఉంది

నల్ల చొక్కా వేసుకోవాలంటే వెనకాడే మనుషులు కొందరుంటారు. భుజాల మీద తెల్లటి పొట్టు రాలుతుంది. చూసేవాళ్లు చుండ్రు అనుకుంటారు. పొద్దున్నే దుప్పటి దులిపితే మళ్లీ పొట్టే. మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగం, తల మాడు మీద ఎర్రటి దళసరి మచ్చలు, వాటిపై వెండిరంగు పొలుసులు. అదే సోరియాసిస్. ఏళ్లతరబడి ఆ మచ్చలకు ఆయింట్‌మెంట్లు పూస్తూనే ఉంటారు. బీపీ చూపించుకున్నారా, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే మాత్రం "చర్మానికీ దానికీ ఏం సంబంధం?" అంటారు. సంబంధం ఉంది. ఈసారి ఆ ముచ్చట్లే.

అంటుకోదు, కుష్ఠు కాదు

ముందు ఓ అపోహ తీర్చుకుందాం. సోరియాసిస్ ముట్టుకుంటే అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే తువ్వాలు వాడినా రాదు. ఇది తామరా కాదు, గజ్జీ కాదు. అయినా క్షవరం చేసేవాళ్లు జంకుతారు, బస్సులో పక్కవాళ్లు కాస్త జరిగి కూర్చుంటారు. ఈ భయానికి పాత చరిత్రే ఉంది. ఒకప్పుడు వైద్యులే దీన్ని కుష్ఠుతో కలిపేసేవారు. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఈ రెండూ వేరువేరు జబ్బులని తేల్చిచెప్పాడు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసి మరీ, ఇది అంటువ్యాధి కాదని, ఏళ్లతరబడి పీడించే తీవ్రమైన జబ్బని ప్రకటించాల్సి వచ్చింది.

నెల రోజుల పని నాలుగు రోజుల్లో

చర్మం అడుగుపొరలో పుట్టిన కణం మెల్లగా పైకి చేరి, ఎండి, మనకు తెలియకుండానే రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఈ తతంగమంతా మూడు నుంచి ఐదు రోజుల్లో ముగుస్తుంది. పాతవి రాలేలోగా కొత్తవి వచ్చిపడి అట్టలు కడతాయి. ఆ అట్టను గీరితే కొవ్వొత్తి గీరినట్టు తెల్లటి పొట్టు వస్తుంది. ఇంకా గీరితే అడుగున సూదిమొనంత రక్తపు చుక్కలు తేలతాయి. చర్మవైద్యులు దీన్ని 'ఆస్పిట్జ్ గుర్తు' అంటారు. మీరు మాత్రం గీరకండి. ఈ జబ్బున్నవాళ్లలో గాయమైన చోట కొత్త మచ్చ లేవొచ్చు. దానికీ ఓ పేరుంది, 'కోబ్నర్ లక్షణం'.

తప్పు చర్మానిది కాదు

చర్మ కణాలకు అంత తొందర ఎందుకు? వాటిని తరుముతున్నది మన రక్షణ వ్యవస్థే. సూక్ష్మజీవులు వచ్చినప్పుడు పోరాడాల్సిన తెల్లరక్తకణాలు ఏ శత్రువూ లేకుండానే చర్మంలోకి దిగి హడావుడి చేస్తాయి. అవి వదిలే రసాయనాల్లో ముఖ్యమైనవి మూడు: టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 17, ఇంటర్‌ల్యూకిన్ 23. ఇప్పుడు సోరియాసిస్‌కు వాడుతున్న ఖరీదైన బయొలాజిక్ ఇంజెక్షన్లు దాదాపు అన్నీ వీటిలో ఏదో ఒకదాన్ని అడ్డుకునేవే. ఈ రసాయనాలు మోచేతి దగ్గరే ఆగిపోవు. రక్తంలో కలుస్తాయి, ఒళ్లంతా తిరుగుతాయి. గుండెకు రక్తం మోసే నాళాల్లోకీ వెళ్తాయి.

రక్తనాళంలో పూడిక ఇలా మొదలవుతుంది

గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకోవడమంటే వంటింటి సింకు గొట్టంలో జిడ్డు అడ్డుపడటం లాంటిదని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అంత సులువు కాదు. చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ ముందు నాళపు గోడలోకి చొరబడుతుంది. అక్కడ రసాయనికంగా చెడుతుంది. దాన్ని ఎత్తివేయడానికి వచ్చిన తెల్లరక్తకణాలు కొవ్వు మింగి మింగి ఉబ్బి, నురుగు కణాలుగా మారి అక్కడే చిక్కుకుపోతాయి. సాయానికి మరిన్ని కణాలు వస్తాయి, వాపు పెరుగుతుంది. ఒకనాడు ఇలా ఏర్పడిన కురుపు పైపొర చిట్లుతుంది, దానిపై రక్తం గడ్డకడుతుంది. గుండెపోటు వస్తుంది. కొవ్వు, వాపు రెండూ కలిస్తేనే ఈ కథ నడుస్తుంది. సోరియాసిస్ ఉన్నవాళ్ల రక్తంలో ఆ వాపు రసాయనాలు ముందే సిద్ధంగా ఉంటాయి.

అనుమానం ఈనాటిది కాదు

సోరియాసిస్‌కూ రక్తంలోని కొవ్వుకూ లంకె ఉందని 1933లోనే జర్మన్ వైద్యులు గ్రూట్జ్, బర్గర్ రాశారు. దీన్ని శరీరం కొవ్వులను వాడుకునే తీరులో లోపంగా భావించి, కొవ్వు తగ్గించిన భోజనం సూచించారు. వాళ్లు చెప్పిన కారణం నిలబడలేదు గానీ, గమనించిన లంకె మాత్రం నిజమే. 1978లో మెక్‌డొనాల్డ్, కలబ్రెసీ అనే ఇద్దరు పరిశోధకులు, ఆసుపత్రిలో చేరిన సోరియాసిస్ రోగుల్లో రక్తనాళాలు మూసుకుపోయే జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయని ప్రకటించారు. అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

తేడా ముసలివాళ్లలోకంటే కుర్రవాళ్లలోనే పెద్దది

లోకం కళ్లు తెరిచింది 2006లో. పరిశోధకుడు జోయెల్ గెల్‌ఫాండ్ బృందం బ్రిటన్‌లోని కుటుంబ వైద్యుల రికార్డుల్లో సుమారు లక్షా 30 వేల మంది సోరియాసిస్ రోగుల వివరాలను, ఆ జబ్బు లేనివాళ్ల వివరాలతో పోల్చింది. బీపీ, షుగరు, పొగతాగడం, కొలెస్ట్రాల్ వంటివన్నీ లెక్కలోంచి పక్కనపెట్టి చూసినా తేడా మిగిలింది. తీవ్రమైన సోరియాసిస్ ఉన్న 30 ఏళ్ల మనిషికి గుండెపోటు ముప్పు, అదే వయసులో ఆ జబ్బు లేనివారికంటే మూడు రెట్లు. అదే 60 ఏళ్ల వాళ్లలో అయితే తేడా 36 శాతమే. మచ్చలు కొద్దిగా ఉన్న 30 ఏళ్ల వాళ్లలో 29 శాతం. అంటే జబ్బు ఎంత తీవ్రంగా ఉంటే, మనిషి ఎంత చిన్నవాడైతే, తేడా అంత పెద్దది.

మూడు రెట్లంటే హడలిపోవాలా?

అక్కర్లేదు. ముప్పై ఏళ్ల వయసులో గుండెపోటు అసలే అరుదు. వెయ్యిమందిలో ఒకరికి వస్తుందనుకుందాం. మూడు రెట్లయితే ముగ్గురికి వస్తుంది, తక్కిన 997 మంది క్షేమమే. అరవైలో రెట్ల లెక్క చిన్నదే గానీ గుండెపోట్ల సంఖ్యే ఎక్కువ. అందుకే అక్కడ 36 శాతం కూడా చాలామందిని తాకుతుంది. పేపర్లో రెట్లు కనిపించినప్పుడల్లా "దేనికి రెట్లు?" అని ఒక్కసారి అడగండి. భయం సగం తగ్గుతుంది, జాగ్రత్త మాత్రం మిగులుతుంది. మిగలాలి కూడా. 2010లో అచ్చయిన మరో బ్రిటన్ అధ్యయనంలో, తీవ్ర సోరియాసిస్ ఉన్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు 57 శాతం ఎక్కువని తేలింది.

రిపోర్టులో ఏ గడి చూడాలి?

లిపిడ్ ప్రొఫైల్ కాగితం చేతికి రాగానే అందరి చూపూ ఎల్‌డీఎల్ మీదికే పోతుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లు దాంతోపాటు మరో రెండు గడులు చూసుకోవాలి. వీళ్లలో తరచుగా ట్రైగ్లిజరైడ్లు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ తగ్గి ఉంటుంది. ఓ లెక్క చూడండి. మొత్తం కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 250. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతాయి. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే 50. మొత్తంలోంచి 50, హెచ్‌డీఎల్ 35 తీసేస్తే ఎల్‌డీఎల్ 125. "ఫరవాలేదు" అనిపించే అంకె. ఇప్పుడు మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేయండి. 175 వస్తుంది. నాళాల్ని పూడ్చే కొవ్వు రేణువులన్నిటి ఉమ్మడి లెక్క ఇది, పేరు 'నాన్ హెచ్‌డీఎల్'. ఇది మామూలుగా 130 లోపు ఉండాలి. ఒకే కాగితంలో ఒక గడి ఫరవాలేదంటుంటే ఇంకో గడి ప్రమాదమంటోంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ పాత సూత్రం అసలే పనిచేయదు, ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవాల్సిందే.

మంచి కొలెస్ట్రాల్ పని మానేస్తే

హెచ్‌డీఎల్ పని చెత్తబండి పని. నాళపు గోడల్లో చిక్కుకున్న కొలెస్ట్రాల్‌ను ఎత్తుకెళ్లి కాలేయంలో దింపుతుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఈ బండ్ల సంఖ్య తగ్గడమే కాదు, ఉన్నవి కూడా సరిగా ఎత్తలేకపోతున్నాయని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. బండి వీధిలోకి వస్తుంది గానీ సగం చెత్త అక్కడే ఉంటుంది. రిపోర్టులోని హెచ్‌డీఎల్ అంకె బండ్లు ఎన్నో చెబుతుంది, ఎంత ఎత్తుతున్నాయో చెప్పదు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మాత్ర

తీవ్రమైన సోరియాసిస్‌కు దశాబ్దాలుగా వాడుతున్న చవకైన మాత్ర మెథోట్రెక్సేట్. దాని వెనక ఒక తెలుగువాడున్నాడు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను ఇచ్చింది. రక్తక్యాన్సర్ పిల్లల కోసం వచ్చిన అమినోప్టెరిన్ సోరియాసిస్ మచ్చల్ని కూడా తగ్గిస్తోందని 1951లో వైద్యులు గమనించారు. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి మూడేళ్లు. ఇవాళ డాక్టర్లు మెథోట్రెక్సేట్ రాస్తూ, దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. అంటే చీటీ మీద రెండు మందులూ ఆ భీమవరం బిడ్డ బృందం చలవే. ఒక హెచ్చరిక: సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజు వేసుకోవాలో మాత్రల అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి.

మచ్చ తగ్గించే మందు కొవ్వు పెంచొచ్చు

సోరియాసిస్‌కు ఇచ్చే అసిట్రెటిన్ మాత్ర ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. సైక్లోస్పోరిన్ బీపీని, కొవ్వులను రెండింటినీ పెంచగలదు. అందుకే ఈ మందులు మొదలుపెట్టే ముందు, వాడుతున్నంత కాలం మధ్యమధ్య రక్తపరీక్షలు చేయిస్తారు. "మచ్చలు తగ్గాయి కదా, పరీక్షలెందుకు" అని ఎగ్గొట్టకండి. కథకు ఇంకో వైపూ ఉంది. బీపీకి, గుండెకు ఇచ్చే ప్రొప్రనలాల్, అటెనలాల్ వంటి బీటా బ్లాకర్లు కొందరిలో సోరియాసిస్‌ను రేపుతాయి. అలాగని ఆ మాత్ర సొంతంగా మానేస్తే గుండెకే ప్రమాదం. గుండె డాక్టరుకు చర్మం సంగతి, చర్మం డాక్టరుకు గుండె మాత్రల సంగతి చెప్పండి. మార్చాలో వద్దో వాళ్లు చూసుకుంటారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలకు మాత్రం సోరియాసిస్ అడ్డుకాదు.

వారంలో మాయం చేస్తామంటే

స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఇస్తే మచ్చలు చకచకా తగ్గుతాయి. మానగానే రెట్టింపై తిరగబడతాయి. కొందరిలో ఒళ్లంతా ఎర్రబారి, చీముపొక్కులు లేచి ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. పైగా స్టెరాయిడ్లు బీపీని, షుగరును, కొవ్వులను పెంచుతాయి. గుండెకు ఏది పడదో అదే. పేరు చెప్పని పొడులు, పొట్లాలు వారంలో మాయం చేస్తామంటే అనుమానించండి. సోరియాసిస్‌ను అదుపులో పెట్టుకోవచ్చు, శాశ్వతంగా మాయం చేసే మందు ఇంకా రాలేదు.

దర్జీ టేపు చెప్పే నిజం

పొట్ట చుట్టూ టేపు పెట్టి చూసుకోండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. దాటితే అది మొదటి గుర్తు. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా అంతకు మించడం, హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40కి, ఆడవాళ్లలో 50కి తగ్గడం, బీపీ 130/85కి చేరడం, పరగడుపు షుగరు 100కు చేరడం తక్కిన నాలుగు. ఈ అయిదింటిలో మూడుంటే దాన్ని 'మెటబాలిక్ సిండ్రోమ్' అంటారు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పొట్టలోని కొవ్వు ఊరికే పడి ఉండదు, అది కూడా వాపు రసాయనాలను వదులుతుంది. పొట్ట మచ్చల్ని రేపుతుంది, మచ్చలున్న మనిషి సిగ్గుతో బయటికి రాక, నడవక పొట్ట పెంచుకుంటాడు.

మనవాళ్లకు ఆరేళ్లు ముందే

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా దేశాలవాళ్ల కంటే దాదాపు ఆరేళ్ల ముందే, సుమారు 53 ఏళ్లకే వస్తోందని తేలింది. 2018లో అమెరికా గుండె వైద్య సంఘాలు ఇచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో ముప్పును పెంచే అంశాల జాబితా ఒకటుంది. అందులో సోరియాసిస్ పేరు ఉంది. దక్షిణాసియా సంతతి పేరూ ఉంది. ఎప్పుడు చూసినా 175కు తగ్గని ట్రైగ్లిజరైడ్లూ ఉన్నాయి. సోరియాసిస్ ఉన్న మన గుంటూరు మనిషికో, డాలస్‌లో స్థిరపడిన కరీంనగర్ మనిషికో ఆ జాబితాలో రెండు గడులు పుట్టుకతోనో జబ్బుతోనో నిండిపోయినట్టే. మూడోది నింపాలా వద్దా అన్నది చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

వాపు తగ్గిస్తే గుండె బాగుపడుతుందా?

దీనికి ఇంకా పూర్తి జవాబు దొరకలేదు. 2017లో కాంటోస్ అనే పరిశోధనలో, ఇదివరకే గుండెపోటు వచ్చి, రక్తంలో వాపు గుర్తులు ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా చేరారు. వాపును మాత్రమే తగ్గించే ఇంజెక్షన్ ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 15 శాతం తగ్గాయి. విచిత్రమేమిటంటే వాళ్ల ఎల్‌డీఎల్ తగ్గలేదు. వాపుకు తన వంతు పాత్ర ఉందని అలా రుజువైంది. కానీ అదే బృందం గుండె రోగులకు తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చి చూస్తే ఫలితం రాలేదు. కాబట్టి "మచ్చలు తగ్గాయి, ఇక గుండె భద్రం" అనుకోవడం తొందరపాటు. బీపీ, షుగరు, కొవ్వుల సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

నూనె ఒక్కటే దోషి కాదు

ట్రైగ్లిజరైడ్లు పెరిగాయనగానే నూనె మానేస్తారు. అన్నం మాత్రం అదే కొలతలో రెండు పూటలా సాగుతుంది. మిగులు పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం ట్రైగ్లిజరైడ్లుగానే మారుస్తుంది. కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, తీపి టీల సంఖ్య తగ్గించడం ఈ అంకె మీద పనిచేస్తాయి. మద్యం అలవాటుంటే అది మూడు చోట్ల దెబ్బతీస్తుంది: ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది, మచ్చల్ని రేపుతుంది, మెథోట్రెక్సేట్ వాడేవాళ్ల కాలేయాన్ని పాడుచేస్తుంది. సిగరెట్ చర్మానికీ గుండెకూ ఒకేలా కీడు. లావుగా ఉన్నవాళ్లు బరువు తగ్గితే మచ్చలు తగ్గుతాయని, మందులు మెరుగ్గా పనిచేస్తాయని పరీక్షల్లో తేలింది.

గోళ్లు చూసుకున్నారా?

సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొందరికి గోళ్ల మీద దర్జీ అంగుస్తానా మీద ఉన్నట్టు సన్నటి గుంటలు పడతాయి. కొందరికి వేళ్ల కీళ్లు వాస్తాయి, మడమ నొప్పి పెడుతుంది. పొద్దున్నే లేవగానే కీళ్లు పట్టేస్తాయి. ఇది సోరియాసిస్ కీళ్లవాతం కావచ్చు. దీన్ని వదిలేస్తే కీళ్లు వంకర పోతాయి. దుకాణంలో కొన్న నొప్పిమాత్రలతో నెట్టుకొస్తే ఇంకో చిక్కు. వాటిని ఎక్కువకాలం వాడితే బీపీ పెరుగుతుంది, గుండెకూ మంచిది కాదు.

రెండు తేదీలు

సెప్టెంబరు 29 ప్రపంచ హృదయ దినం. అక్టోబరు 29 ప్రపంచ సోరియాసిస్ దినం. మీకో, మీ ఇంట్లో ఎవరికో ఈ మచ్చలుంటే, ఆ నెల రోజుల వ్యవధిలో ఏటా ఒకసారి నాలుగు పనులు చేయండి: బీపీ చూపించుకోండి, పరగడుపు షుగరు పరీక్ష చేయించుకోండి, లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి, పొట్ట కొలుచుకోండి. ఆ కాగితాలు ఒక ఫైల్లో పెట్టి, ఈసారి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మచ్చలతోపాటు ఆ ఫైలూ చూపించండి. ఆయన అడగకపోయినా మీరే చూపించండి.